పగడాల ట్యాంకు ఇంటి అలంకారం కాదు, కొనేముందు ఆగండి

ఇంట్లో ఉప్పునీటి పగడాల ఆక్వేరియం ఉన్నవారికి ముందుగా ఒక్క మాట. దాంట్లోంచి తీసిన రాయిని మరిగే నీళ్లలో వెయ్యకండి. దానిమీద వేడినీళ్లు పొయ్యకండి. ఎండబెట్టి బ్రష్షుతో గీకకండి. ప్రెషర్ వాషర్‌తో కడగకండి. ఆ రాయిని అంటిపెట్టుకుని, గుండీల్లా గుత్తులు గుత్తులుగా విచ్చుకునే మెత్తని జీవులను జోవాంథిడ్లు అంటారు. దుకాణాల్లో వీటికి బటన్ పాలిప్స్ అని పేరు. వీటిలో కొన్ని రకాల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. మామూలుగా మరిగిస్తే అది నశించదు. ఆవిరి తుంపరలతో గాలిలోకి లేస్తుంది. రాయిని ముట్టుకోకుండా పక్క గదిలో కూర్చున్నవారు కూడా ఆ గాలి పీల్చి ఆస్పత్రి పాలు కావచ్చు.

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో ట్యాంకు శుభ్రం చేసిన తర్వాత ఇంటిల్లిపాదీ జబ్బుపడ్డారు. సాయానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో కూడా కొందరిని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. అంతకుముందు 2012, 2014 మధ్య అమెరికాలోని అలాస్కాలో ఆక్వేరియం దుకాణాల్లోనూ ఇళ్లలోనూ ఇలాంటి ఘటనలే జరిగాయి. ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ 2015లో వాటిమీద నివేదిక ప్రచురించింది. హవాయి దీవుల జోవాంథిడ్ల నుంచి శాస్త్రవేత్తలు ఈ విషాన్ని వేరుచేసిన సంగతి 1971లోనే లోకానికి తెలిసింది. కణాల్లోకి సోడియం, పొటాషియం రాకపోకలను నియంత్రించే పంపును ఈ విషం పట్టుకుని, అదుపులేని దారిగా మార్చేస్తుంది. దాంతో కండరాలు, ఊపిరితిత్తులు, చివరికి గుండె కూడా దెబ్బతినవచ్చు. దీనికంటూ ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు.

ట్యాంకు పని చేసిన కొద్ది గంటల్లో నోరు చేదుగానో లోహపు రుచిగానో అనిపించినా, దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చినా, కళ్లు మండినా జలుబు అనుకుని పడుకోవద్దు. ఇంట్లో అందరూ ఆరుబయటికి రావాలి. చర్మం, కళ్లు మంచినీళ్లతో బాగా కడుక్కుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ డాక్టరుతో పగడాల ట్యాంకు సంగతి, పాలిటాక్సిన్ పేరు కచ్చితంగా చెప్పాలి. మీరు చెప్పకపోతే ఆ కోణంలో ఆలోచించడానికి డాక్టరుకు ఆధారం ఉండదు. రాయిని వదిలించుకోవాలంటే గ్లవ్స్, కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని, తడి ఆరనివ్వకుండా ఆరుబయట పలచని బ్లీచ్ ద్రావణంలో కనీసం అరగంట నానబెట్టాలి. ఆ బ్లీచ్‌లో బాత్రూములు కడిగే యాసిడ్ చుక్క కూడా కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒక విషం నుంచి తప్పించుకోబోయి మరో విషాన్ని పీల్చినట్టవుతుంది.

ఇంత ప్రమాదం ఉన్న వస్తువు ఎలా అమ్ముడవుతోంది? సోఫాతో, షాండ్లియర్‌తో పాటు హాలుకు అందం తెచ్చే సరుకుగా. గోడ కొలత తీసుకుంటారు, క్యాబినెట్ రంగు ఎంచుతారు, గృహప్రవేశం నాటికి చేపలతో సహా సిద్ధం చేస్తామని మాట ఇస్తారు. లోపల ఉండబోయే జీవులు ఏమిటో, ఎక్కడివో, ఏం తింటాయో, వాటిలో ఏది మనిషికి హాని చేస్తుందో కొనేవారు అడగరు, అమ్మేవారు చెప్పరు. మా హెచ్చరిక అంతా ఇక్కడే ఉంది. పగడాల ట్యాంకు ఒక జీవవ్యవస్థ. దాన్ని అలంకార సామగ్రిగా కొన్న ఇంట్లో మొదట చేపలు చస్తాయి, తర్వాత డబ్బు పోతుంది, ఒక్కోసారి మనుషుల ప్రాణం మీదికీ వస్తుంది.

కరెంటు సంగతి చూడండి. ఉప్పునీరు మంచినీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కరెంటును ప్రవహింపజేస్తుంది. ఒక పగడాల ట్యాంకులో హీటరు, రెండు మూడు పంపులు, మురికి తీసే స్కిమ్మర్, లైట్లు, నీటిని చల్లబరిచే చిల్లర్ ఉంటాయి. వీటన్నిటి ప్లగ్గులూ చాలా ఇళ్లలో ట్యాంకు కిందే పడి ఉన్న ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డులో దూరుస్తారు. నీళ్లు వైరు వెంట జారి బోర్డులోకి దిగుతాయి. తుంపరలు ఎండి ప్లగ్గుల మీద ఉప్పు పేరుకుంటుంది. గాజు హీటరు పగిలితే 230 వోల్టులు నేరుగా నీళ్లలోకి వస్తాయి. ఆ సమయంలో చెయ్యి పెట్టేది ఎవరో చెప్పలేం, మేత వేయబోయిన పిల్లవాడే కావచ్చు. కాబట్టి ట్యాంకు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైనును ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా నీళ్లు నింపవద్దు. బోర్డు గోడకు, నీటి మట్టం కన్నా ఎత్తున ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్గు దగ్గరికి చేరేముందు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా అమర్చాలి. అప్పుడు జారిన చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. చెయ్యి పెట్టేముందు మెయిన్ స్విచ్ ఆపాలి.

చేతి మీద గాటు ఉంటే ట్యాంకులో పెట్టకండి. మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనే సూక్ష్మజీవి గాయం గుండా ప్రవేశించి, కొన్ని వారాల తర్వాత మానని గడ్డలా బయటపడుతుంది. ఇది క్షయ, కుష్ఠు కారక క్రిముల కుటుంబానికి చెందినది. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగదు, నెలల తరబడి మందులు వాడాల్సి రావచ్చు. ఇక్కడ కూడా డాక్టరుకు ఆక్వేరియం మాట చెప్పినవారికే తొందరగా రోగనిర్ధారణ జరుగుతుంది. లయన్ ఫిష్ ముళ్లు గుచ్చుకుంటే ఆ భాగాన్ని చర్మం కాలనంత వేడి నీటిలో, 45 డిగ్రీలు మించకుండా, ఉంచి ఆస్పత్రికి బయలుదేరాలి. పిల్లలున్న ఇంట్లో అసలు ఆ చేపే వద్దు.

ఇక చేపల చావు. గృహప్రవేశానికి సిద్ధం చేసిన ట్యాంకులో వారం తిరక్కుండానే చేపలు తేలడానికి కారణం చాలాసార్లు రోగం కాదు, అమ్మోనియా. చేప విసర్జించేది అమ్మోనియా, మిగిలిన మేత కుళ్లి పుట్టేదీ అమ్మోనియాయే. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్లలో, ఇసుకలో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. డబ్బు ఎక్కువిచ్చినంత మాత్రాన ఈ గడువు మాయం కాదు. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషరూపంలో ఉండే అమ్మోనియా వాటా సుమారు పదింతలవుతుంది. అందుకే మంచినీటి తొట్టిలో గోల్డ్ ఫిష్ తట్టుకున్న నిర్లక్ష్యాన్ని సముద్రపు చేప తట్టుకోలేదు. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఒక్క చేప కూడా లోపలికి వెళ్లకూడదు. ఆ తర్వాతైనా ఒకేసారి పది కాదు. ఒకటో రెండో వదిలి, రెండు మూడు వారాలు ఆగి, నీటిని మళ్లీ పరీక్షించి, అప్పుడు మరొకటి.

దూరం నుంచి కవరులో వచ్చిన చేప విషయంలో ఇదే అమ్మోనియా మరో రూపంలో దెబ్బతీస్తుంది. ప్రయాణంలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల కవరు నీటి పీహెచ్ పడిపోతుంది. దానివల్ల పేరుకున్న అమ్మోనియా అంత హాని చెయ్యని రూపంలో ఉంటుంది. కవరు విప్పగానే ఆ వాయువు బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా అణగి ఉన్న అమ్మోనియా విషమవుతుంది. గంటలకొద్దీ ఆ నీళ్లలోనే చుక్క చుక్కగా ట్యాంకు నీరు కలుపుతూ అలవాటు చేస్తున్నామనుకోవడం మేలు చేయబోయి కీడు చెయ్యడమే. కవరు మూసి ఉండగానే తేలనిచ్చి ఉష్ణోగ్రత సరిచెయ్యాలి. కొత్త చేపలను విడిగా ఉంచే, ముందుగానే ఉప్పు శాతం సరిపోల్చిన క్వారంటైన్ తొట్టిలోకి, విప్పిన వెంటనే చేపను మార్చాలి. కవరు నీళ్లు పారబొయ్యాలి.

ఉప్పు అంటే వంటింటి ఉప్పు కాదు, సముద్రపు ఖనిజాలన్నీ ఉన్న మెరైన్ సాల్ట్. దాన్ని కలపాల్సింది బోరు నీటిలోనో, క్లోరిన్ కలిసిన కుళాయి నీటిలోనో కాదు, ఆర్వో, డీఐ (అయాన్లు తొలగించే) ఫిల్టర్లలో వడపోసిన నీటిలో. విశాఖలోనో కాకినాడలోనో ఒడ్డున డబ్బాలు నింపుకొస్తే సరిపోతుందనుకోవద్దు. రేవు పట్టణాల తీరపు నీటిలో నూనె, మురుగు కలిసే ప్రమాదం ఉంది. ఉప్పు శాతం లీటరుకు సుమారు 35 గ్రాములు, సాంద్రత 1.025 దగ్గర నిలవాలి. నీరు ఆవిరై మట్టం తగ్గితే కలపాల్సింది మంచినీరే. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, ఉప్పునీరే పోస్తూ పోతే ట్యాంకు రోజురోజుకూ చిక్కనవుతుంది. చేపలు నీరసించి, పగడాలు ముడుచుకుంటాయి. ఎందుకో యజమానికి అంతుబట్టదు.

తెలుగునాట అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఎండాకాలం. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీలు కావాలి. వాటి కణజాలంలో కాపురముండే సూక్ష్మ శైవలాలే వాటికి ప్రధానంగా ఆహారం పెడతాయి. నీరు వేడెక్కితే పగడం వాటిని బయటికి గెంటేసి తెల్లబడుతుంది, తేరుకోకపోతే ఆకలితో చస్తుంది. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడే నాలుగో విపత్తు నడుస్తోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ ఏడాది లక్షద్వీప్ పగడాలూ తీవ్రంగా తెల్లబడ్డాయి. మహాసముద్రమే తట్టుకోలేని వేడిని 200 లీటర్ల గాజు తొట్టి తట్టుకుంటుందా? విజయవాడ మే నెలలో చిల్లర్ లేకుండా పగడాలు పెంచుతామంటే అది పెంపకం అనిపించుకోదు. కరెంటు పోతే మరో ముప్పు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, పంపులు ఆగితే అదీ అందదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఇంట్లో ఉండి తీరాలి. ఇన్వర్టర్ టీవీకన్నా ముందు ట్యాంకు పంపుకు ఇవ్వాలి.

ఏ చేప కొనాలన్న ప్రశ్న దగ్గర పిల్లల సినిమాలు పెద్దల్ని తప్పుదారి పట్టిస్తున్నాయి. నిమోగా పేరుపడ్డ క్లౌన్ చేప ఫరవాలేదు. గట్టి పిండం, హేచరీల్లో పుడుతోంది, దానికి ఆనిమోన్ తోడు తప్పనిసరి కూడా కాదు. డోరీ అని పిల్లలు అడిగే నీలి టాంగ్ మాత్రం అడుగు దాకా పెరిగి, రోజంతా ఈదే చేప. మూడడుగుల పెట్టెలో దానిది జైలు బతుకే. రంగులు పులుముకున్నట్టుండే మాండరిన్ చేప తినేది రాళ్లలోని సూక్ష్మ క్రస్టేషియన్లను. కొత్త ట్యాంకులో అవి ఉండవు, అది మేత ముట్టదు, ఎండిపోయి చస్తుంది. పెద్ద చేపల ఒంటిమీది పరాన్నజీవులను తిని బతికే క్లీనర్ రాస్ కూడా ఇళ్లలో సాధారణంగా ఆకలితోనే పోతుంది. సీతాకోకచిలుక చేపల్లో చాలా రకాలకు పగడమే ఆహారం. వీటిని పగడాల ట్యాంకులో వదలమని చెప్పే దుకాణదారుకు ఆ వ్యాపారం తెలియదు, లేదా తెలిసే చెబుతున్నాడు.

మంచినీటి అలంకార చేపల్లో ఎక్కువ భాగం చెరువుల్లో, తొట్లలో పుట్టినవి. సముద్రపు అలంకార చేపల్లో అత్యధికం నేటికీ సముద్రంలో పట్టినవే. ఫిలిప్పీన్స్‌లో 1960లలో మొదలై ఆగ్నేయాసియాలో పాకిన సోడియం సయనైడ్ వేట ఇంకా పూర్తిగా ఆగలేదు. పగడాల సందుల్లోకి సయనైడ్ చిమ్మి, మత్తుగా బయటికొచ్చిన చేపను పట్టుకుంటారు. పక్కనున్న పగడాలు చస్తాయి. చేప మాత్రం పైకి బాగానే కనిపించి, లోపలి అవయవాలు దెబ్బతిని కొన్ని వారాల్లో మీ ట్యాంకులో చస్తుంది. దుకాణంలో మీ కళ్లముందు మేత వేయించండి. తినని చేపను కొనకండి. తిన్నా సరే, హేచరీలో పుట్టిందా అని అడగండి.

కొత్త చేపను నేరుగా పగడాల మధ్య వదలడం తర్వాతి తప్పు. తెల్లమచ్చల రోగానికి కారణమైన క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి కొన్ని రోజులు చేప ఒంటిమీద ఉండి, రాలిపోయి, అడుగున గూడు కట్టుకుని, అక్కడ వందల్లో పిల్లలై మళ్లీ చేపల మీదికి వస్తుంది. మచ్చలు పోయాయి, నయమైందని సంబరపడే రోజుల్లోనే అది కింద పెరుగుతూ ఉంటుంది. దీనికి రాగి మందు పనిచేస్తుంది, కానీ అదే రాగి పగడాలను, రొయ్యలను, నత్తలను చంపుతుంది. రాళ్లలో ఇంకి తర్వాత కూడా వేధిస్తుంది. దుకాణదారు ఇచ్చిన సీసాలో ఏముందో చదవకుండా పగడాల ట్యాంకులో చుక్క కూడా వెయ్యకండి. రాళ్లు, పగడాలు లేని విడి తొట్టిలో ప్రతి కొత్త చేపనూ కనీసం నాలుగు వారాలు ఉంచి, అవసరమైతే అక్కడే మందు వెయ్యండి. పెద్ద ట్యాంకులోకి రోగం వచ్చేసిందా? చేపలన్నిటినీ బయటికి మార్చి, ఆరు వారాలకు తగ్గకుండా, వీలైతే రెండున్నర నెలలు దాన్ని చేపలు లేకుండా నడపాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకునేకన్నా ముందే ఆ చిన్న తొట్టి కొనుక్కోవడం చవక.

చట్టం మాట చాలామందికి తెలియదు. తెలియదన్న సాకు మాత్రం చెల్లదు. రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూలులో చేర్చారు. పులికి ఇచ్చిన రక్షణనే వీటికీ ఇచ్చారు. మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి, కచ్, లక్షద్వీప్, అండమాన్ పగడాల నుంచి ఒక్క కొమ్మ విరిచి తెచ్చినా, కొన్నా నేరమే. అల్మారాలో అందానికి పెట్టుకునే చచ్చిన పగడపు ముక్కకూ ఇదే వర్తిస్తుంది. ఒకటో షెడ్యూలు జీవుల విషయంలో నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25,000 రూపాయల జరిమానా. విదేశాల నుంచి వచ్చిన పగడానికైతే దిగుమతి అనుమతి, అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం ప్రకారం ఇచ్చిన పత్రం ఉండాలి. అవి చూపించలేని వ్యాపారి దగ్గర బిల్లు లేకుండా చవగ్గా వస్తోందని కొన్నవారు, రేపు అటవీశాఖ తలుపు తడితే తామే జవాబు చెప్పుకోవాలి.

మోజు తీరాక సముద్రంలోనో చెరువులోనో వదిలేయడం పుణ్యం కాదు, పాపం. ఇండో పసిఫిక్ సముద్రాల లయన్ ఫిష్ 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో కనిపించింది. ఆక్వేరియం పెంపకందారులు వదిలిందే మూలమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. నేడు అది కరీబియన్ అంతటా వ్యాపించి స్థానిక చేపపిల్లలను మింగేస్తోంది. 1984లో మొనాకో దగ్గర బయటపడ్డ కాలెర్పా అనే ఆక్వేరియం నాచు మధ్యధరా సముద్రపు అడుగున మైళ్లకొద్దీ పరుచుకుంది. ఇక్కడి ఉదాహరణకు అంత దూరం వెళ్లక్కర్లేదు. అద్దాల తొట్లలో పాచి తింటుందని తెచ్చిన దక్షిణ అమెరికా సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్ ఇప్పుడు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాల్వల్లో వలలు చింపుతోంది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అని తిట్టుకుంటున్నారు. పెంచలేని జీవిని మరో పెంపకందారుకు ఇవ్వండి, లేదా అమ్మినవాణ్ణే తిరిగి తీసుకోమనండి.

ప్రభుత్వాల బాధ్యతా చిన్నది కాదు. ఆక్వేరియం దుకాణాలకు 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలు వ్యాపారుల నిరసనల తర్వాత వెనక్కి వెళ్లాయి. ఆ నిబంధనల్లో లోపాలు ఉంటే ఉండవచ్చు, కానీ ఏ నిబంధనా లేకపోవడం అంతకన్నా పెద్ద లోపం. కనీసం ప్రతి తొట్టి మీద జీవి పేరు, హేచరీదా సముద్రంలో పట్టిందా, ఎక్కడి నుంచి వచ్చింది, మనిషికి హాని చేస్తుందా అన్న నాలుగు వివరాలు తెలుగులో రాసి ఉండాలని రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు ఆదేశించాలి. జోవాంథిడ్లు అమ్మే ప్రతి దుకాణంలో పాలిటాక్సిన్ హెచ్చరిక గోడమీద కనిపించాలి. చట్టబద్ధమైన సరఫరా అసాధ్యమేమీ కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల హేచరీ సాంకేతికతను ఏనాడో సాధించింది, విశాఖలో దానికి ప్రాంతీయ కేంద్రం ఉంది. లక్షద్వీప్‌లోని అగట్టి దీవిలో స్థానిక మహిళలు అలంకార రొయ్యలు పెంచడం నేర్చుకున్నారు. రొయ్య హేచరీలకు పేరుమోసిన ఆంధ్ర తీరం ఆ దారిలో ఎందుకు నడవకూడదు?

కొనుగోలుదారుకు మా విజ్ఞప్తి సూటిగానే ఉంది. ఈ నెలలో ట్యాంకు కొనాలనుకుంటే ట్యాంకు, మెరైన్ సాల్ట్, టెస్ట్ కిట్, క్వారంటైన్ తొట్టి, ఆర్‌సీసీబీ కొనండి. చేపను మాత్రం ఈ నెల కొనకండి. పగడానికి పత్రం అడగండి, లేకపోతే వద్దనండి. ఇప్పటికే ట్యాంకు ఉన్నవారు ఈరోజే దాని కింద ఉన్న ప్లగ్గు బోర్డును పైకి మార్చండి, రాళ్ల మీద ఏ జీవులున్నాయో తెలిసినవారిచేత గుర్తింపజేయండి, ఇల్లు తుడిచే పనిమనిషికీ పిల్లలకూ ఆ రాళ్లు ముట్టుకోవద్దని చెప్పండి. ఇంత జాగ్రత్త మావల్ల కాదనిపిస్తే, పగడాలను సముద్రానికే వదిలి, హాలు గోడకు మరేదైనా అలంకారం చూసుకోండి.